మైకు పట్టినోడు: చాటింపు నుంచి ధూంధాం దాకా

మన కంపెనీల యాన్యువల్ డేల్లో నేనొక వింత గమనిస్తుంటాను. లక్షలు పోసి స్టేజీ వేస్తారు. ఎల్ఈడీ తెరలు, పొగ మిషన్లు, ముంబై నుంచి బ్యాండు... అన్నీ ఉంటాయి. మైకు మాత్రం "మన టీములో ఇంగ్లీషు బాగా మాట్లాడేదెవరు?" అని వెతికి వాళ్ళ చేతిలో పెడతారు. పాపం ఆ పిల్లో పిల్లాడో ప్రతి ఐటం తర్వాతా "చప్పట్లు గట్టిగా కొట్టండి, ఇంకా గట్టిగా, నాకు వినపడలేదు" అని అడుక్కుంటూ ఉంటారు. జనమేమో ఫుడ్ కౌంటర్ ఎప్పుడు తెరుస్తారా అని చూస్తుంటారు. అమెరికాలో మన సంఘాల ఉగాది సంబరాల్లోనూ ఇదే తంతు. కాకపోతే అక్కడ కొన్నిచోట్ల భోజనాలు ముందే పెట్టేస్తారు కాబట్టి, అడుక్కుందామన్నా హాల్లో జనం ఉండరు :-)

దీనికంతటికీ మూలం ఒక అపోహ అని నా అనుమానం. వ్యాఖ్యాత అంటే రెండు ఐటంల మధ్య ఖాళీ నింపేవాడని మనం అనుకుంటాం. ఐటంలే అసలు సరుకు, మధ్యలో మాటలు ప్యాకింగు. కానీ నేను పుట్టి పెరిగిన హుస్నాబాద్ దిక్కు (2016 అక్టోబరు దాకా కరీంనగర్ జిల్లా, ఆ తర్వాత సిద్దిపేట జిల్లా, మా ఇంట్లో పెద్దవాళ్ళు మాత్రం ఇప్పటికీ కరీంనగర్ జిల్లా అనే అంటారు) చరిత్ర చూస్తే వ్యవహారం తిరగేసి కనిపిస్తుంది. అక్కడ పాటకీ పాటకీ మధ్య మాట్లాడినవాడే అసలు మనిషి. పాట ఆ మాటకు దారి చేసేది. ఒక రాష్ట్రం రావడంలో ఆ మాటకు పెద్ద వాటానే ఉంది. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది, తర్వాత ఏమైంది అన్నది రాద్దామని చాలా రోజులుగా అనుకుంటున్నా.

మొదట చాటింపు సంగతి. మైకులు రాకముందు ఊరికి ఉన్న పబ్లిక్ అడ్రస్ సిస్టం ఒక మనిషీ, ఒక డప్పూ. "ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా..." సినిమాల్లో వినే ఉంటారు. సినిమాల్లో అది కామెడీ సీను. నిజాం కాలపు తెలంగాణ పల్లెల్లో అది వెట్టి. డప్పు కొట్టి చాటేది మాదిగ, చాటించేది దొరో, పటేలో, పట్వారో. శిస్తు కట్టమనీ, పనికి రమ్మనీ, ఫలానా రోజు గిర్దావరు వస్తున్నాడనీ. ఊరంతా వినే గొంతు ఆయనది, అందులో ఆయన సొంత మాట ఒక్కటీ లేదు. కూలీ కూడా లేదు. మన భాషలో చెప్పాలంటే ఆయన కేవలం స్పీకరు, ఇన్‌పుట్ వేరేవాళ్ళది. ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి, తర్వాత దీంతో పని పడుతుంది.

అదే ఊళ్ళో రాత్రిపూట ఇంకో గొంతు ఉండేది. ఒగ్గు కథ. ఒగ్గు అంటే శివుడి చేతిలో ఉండే డమరుకం. కురుమ, గొల్లవాళ్ళ దగ్గర పూజలు చేసే ఒగ్గువాళ్ళు మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలు చెప్తారు. డోలు, తాళాలు, నలుగురో ఐదుగురో మనుషులు. మాకు హుస్నాబాద్‌లోనే రేణుక ఎల్లమ్మ గుడి ఉంది, ఏటా జాతర జరుగుతుంది. కొంత దూరం పోతే కొమురవెల్లి మల్లన్న. కాబట్టి మా దిక్కు పిల్లలకు ఒగ్గు కథ అంటే "జానపద కళారూపం" కాదు, జాతరలో నిద్ర ఆపుకోవడానికి ఉన్న ఒకే ఒక్క కారణం. వేములవాడ దగ్గర హనుమాజీపేట (సినారె ఊరు కూడా అదే, ఆ ఊరి నీళ్ళలో ఏదో ఉంది) మిద్దె రాములు, జనగామ దిక్కు మాణిక్యాపురం చుక్క సత్తయ్య ఈ కళకు పెద్ద పేర్లు. రాములు 2010లో పోయారు, సత్తయ్య 2017లో.

ఒగ్గు కథలో ప్రధాన కథకుడు చేసే పని కాస్త జాగ్రత్తగా చూడండి. పాడతాడు. ఠక్కున ఆపి మాటల్లోకి దిగుతాడు. ఆ మాటల్లోనే ఎల్లమ్మ అయిపోతాడు, మరుక్షణం ఎల్లమ్మను తిట్టే మనిషి అయిపోతాడు. భుజం మీద తువ్వాల ఒక నిమిషం పసిపిల్ల, ఇంకో నిమిషం కొంగు. పక్కన ఒకడు "ఊ" కొడుతూ, మనం అడగాలనుకున్న తిక్క ప్రశ్నలు మన తరపున అడుగుతుంటాడు. కథ మంచి పట్టు మీద ఉన్నప్పుడు ఎవరో లేచి పది రూపాయలు కట్నం పెడతారు. అప్పుడు కథ ఆపి ఆ ఇచ్చినాయన పేరు, ఊరి పేరు, పిల్లల పేర్లు చదివి దీవించాలి. ఇక్కడే తేలిపోతుంది ఎవడు ఏపాటి వాడో. మామూలు కథకుడు కథ ఆపేసి పేరు చదివి, మళ్ళీ కథ ఎక్కడ ఆపామా అని తడుముకుంటాడు. గట్టోడు ఆ పేరును కథలోకి లాక్కుంటాడు. మల్లన్న పెండ్లికి ఆ పది రూపాయలే కట్నమైపోతాయి. జనం నవ్వుతారు, ఇచ్చినాయనకు ఛాతీ ఉబ్బుతుంది, కథ ఎక్కడా తెగదు. ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసులో కాంటెక్స్ట్ స్విచ్ గురించి చదివినప్పుడు నాకు వెంటనే గుర్తొచ్చింది ఒగ్గువాళ్ళే. ఖర్చు లేకుండా స్విచ్ చెయ్యడం వాళ్ళ దగ్గరే చూశాను.

మంచి వ్యాఖ్యాత లక్షణం ఏమిటంటే నేను మొదట ఇదే చెప్తాను. మధ్యలో వచ్చిపడేదాన్ని అడ్డంకి అనుకోడు, సరుకు అనుకుంటాడు. కరెంటు పోయినా, పిల్లాడు ఏడ్చినా, సర్పంచి ఆలస్యంగా వచ్చినా.

ఇది పల్లె కళకే పరిమితం అనుకోకండి. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగి ఉంటాడు కదా. ఎనిమిది మంది పృచ్ఛకుల్లో ఒకడి ఉద్యోగమే అడ్డు తగలడం. అంటే మన పెద్దలు ఇంటరప్టును ఒక ఐటంగా పెట్టుకున్నారన్నమాట! అవధాని దాన్ని తట్టుకుని, నవ్వించి, పద్యం దగ్గరికి తిరిగి రావాలి. పక్కన సంచాలకుడు ఎవరి వంతు ఎప్పుడో చూసుకుంటూ సభను నడుపుతుంటాడు. ఎన్నో అవధానాలు చూశాను. అవధాని ఎంత ఉద్దండుడైనా సంచాలకుడు తేలిపోతే సభ తేలిపోతుంది. సంచాలకుడు ప్రతి పృచ్ఛకుడి బిరుదులూ పావుగంట చదివితే అవధానికి ధారణ ఉంటుందేమోగానీ మనకు ఓపిక ఉండదు.

ఇంకో దారి రేడియోది. భద్రాచలం సీతారాముల కల్యాణానికి ఆకాశవాణిలో ఉషశ్రీ (పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు, 1928-1990) ప్రత్యక్ష వ్యాఖ్యానం చెప్పేవారు. మా తాతకు టీవీ వచ్చాక కూడా ఆ గొంతే కావాలి. అక్కడ వ్యాఖ్యాత పని వేరు. గుడి చూడలేనివాడికి కళ్ళు ఇవ్వాలి. పురోహితుడు మంత్రం చదువుతుంటే ఆగాలి, ఆయన ఊపిరి తీసుకునే సందులో చెప్పేయాలి. కల్యాణం తనది కాదు, ముహూర్తం తన చేతిలో లేదు. ఉన్నదల్లా ఆ సందు. ఉషశ్రీ గొప్పతనమంతా ఆ సందు ఎంత ఉందో ముందే తెలియడంలో ఉందని నాకనిపిస్తుంది.

సరే, మళ్ళీ మా దిక్కు వద్దాం.

ఈ "మధ్యలో మాట" రాజకీయంలోకి వచ్చింది 1940లలో. ప్రజానాట్యమండలి 1943లో మొదలయ్యాక బుర్రకథకు కొత్త ప్రాణం వచ్చింది. షేక్ నాజర్ (1920-1997) దాన్ని ఎక్కడికో తీసుకెళ్ళాడు. బుర్రకథలో ముగ్గురు. మధ్యలో కథకుడు, అటొకడు ఇటొకడు వంతలు. ఒక వంత హాస్యం చెప్తే ఇంకో వంత రాజకీయం చెప్తాడు. గమనించారా, రాజకీయం కథలో లేదు, పక్కనుంచి వచ్చే వ్యాఖ్యలో ఉంది. కథ పల్నాటిదో, అల్లూరిదో. వంత అందుకుని "అయితే బావా, ఇప్పుడు మన ఊళ్ళో ఏం నడుస్తున్నట్టు?" అన్న ధోరణిలో అడిగితే చాలు, పాత కథ ఇవాళ్టి కథ అయిపోతుంది. మద్రాసు ప్రభుత్వం, నిజాం ప్రభుత్వం రెండూ బుర్రకథను నిషేధించాయంటే ఊరికే కాదు. నల్లగొండ దిక్కు సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల్ని ఇట్లాగే సాయుధ పోరాటానికి వాడుకున్నాడు. అందులోనూ ప్రశ్న, జవాబు, నవ్వు, మధ్యలో ఒక చురక.

ఆ రోజుల్లో ఈ మాటలకు వెల ప్రాణమే. హుస్నాబాద్ పక్కన మహ్మదాపూర్ గుట్టల్లో 1948 మార్చి 14న అనభేరి ప్రభాకరరావు, సింగిరెడ్డి భూపతిరెడ్డి, వాళ్ళ దళం చనిపోయారు. మా చిన్నప్పుడు ఊళ్ళో ఎవరు సభ పెట్టినా, ఏ పార్టీ అయినా, మైకు పట్టుకున్నాయన మొదటి రెండు నిమిషాల్లో అనభేరి పేరు తలవాల్సిందే. అది జనం నాడి పట్టుకోవడానికి సులువైన దారి. తర్వాత 1978లో జగిత్యాల జైత్రయాత్ర, ఆ వెంటనే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించడం... ఇవన్నీ మీకు తెలిసినవే. హుస్నాబాద్‌లో నక్సలైట్లు కట్టిన పెద్ద అమరవీరుల స్తూపం ఉండేది, తర్వాత దాన్ని కూల్చేశారు. ఇంత నెత్తురు పారిన చోట మైకు పట్టుకోవడం అంటే ఏమిటో, ఏసీ హాల్లో స్క్రిప్టు చూసి చదివే మనకు పూర్తిగా అర్థం కాదు.

ఆ కాలపు మైకు మనిషి గద్దర్ (1949-2023). ఆయన్ని గాయకుడంటారు. నా లెక్కలో ఆయన తెలుగునాట పుట్టిన గొప్ప వ్యాఖ్యాతల్లో ఒకడు. కావాలంటే పాత రికార్డింగులు వెతికి వినండి. పల్లవి అందుకుంటాడు, గొంగడి సర్దుకుంటాడు, గజ్జె ఒకసారి కదిలిస్తాడు, ఠక్కున ఆపుతాడు. ఆపి, ముందు వరసలో కూర్చున్న ముసలమ్మతో మాట్లాడినట్టు మాట్లాడతాడు. "ఏమమ్మా, నిజమేనా?" అంటాడు. ఆ ప్రశ్న వేలమందికి వేసినట్టుండదు, ఒక్కరికే వేసినట్టుంటుంది. జవాబు మాత్రం వేలమంది చెప్తారు. జవాబు వచ్చాకే రెండో చరణం. జనం జవాబు చెప్పకపోతే పాట ముందుకు కదలదు. చప్పట్లు అడుక్కోవడానికీ దీనికీ ఉన్న తేడా అదే. మన యాంకరు శబ్దం అడుగుతాడు, గద్దర్ జవాబు అడిగాడు. 1997 ఏప్రిల్ 6న ఆయన మీద కాల్పులు జరిగాయి, ఒక తూటా చివరిదాకా ఒంట్లోనే ఉండిపోయింది. 1999 మేలో భువనగిరి గాయని బెల్లి లలితను ఎంత దారుణంగా చంపారో గుర్తున్నవాళ్ళకు గుర్తుంటుంది. తెలంగాణ గురించి పాడటం, సభలు నడపటం అప్పటికి ప్రాణాల మీదికి వచ్చే పని.

ఈ నేపథ్యంలో చూస్తే 2002లో కామారెడ్డిలో మొదలైన "ధూం ధాం" తెలివి అర్థమవుతుంది. ముందు ఆ పేరే చూడండి. సభ కాదు, ప్రదర్శన కాదు, గర్జన కాదు. అంతకు ఏడాది ముందే 2001 మే 17న కరీంనగర్‌లో టీఆర్ఎస్ సింహగర్జన అయింది. గర్జనలకు నాయకులు కావాలి. ధూంధాం అంటే మా దిక్కు పెండ్లి బరాత్ లెక్క, అందరూ వచ్చి ఎగిరే వ్యవహారం. దాన్ని ఆపాలంటే ఆపేవాడికే ఇబ్బంది. పేరు పెట్టినవాళ్ళు ఇదంతా ఆలోచించే పెట్టారని నేననుకుంటున్నా.

దాన్ని ముందుండి నడిపినవాడు రసమయి బాలకిషన్. సిద్దిపేట దిక్కు మనిషి, ప్రభుత్వ బడిలో పంతులు. పంతులుగా పనిచేయడం చిన్న విషయం కాదు. అరవై మంది పిల్లలున్న గదిలో వెనక బెంచీవాడి కళ్ళు ఎప్పుడు మూతపడుతున్నాయో తెలిసినవాడికి మైదానంలో పదివేల మంది పెద్ద లెక్క కాదు. అన్నట్టు ఉద్యమంలో మైకు పట్టినవాళ్ళలో పంతుళ్ళు ఎంతమందో లెక్కపెడితే ఆశ్చర్యం వేస్తుంది. దేశపతి శ్రీనివాస్ కూడా పంతులే.

ధూంధాం ఎట్లా నడిచేదో చూడనివాళ్ళ కోసం కొంచెం చెప్తా. మొదలయ్యేది చీకటి పడ్డాక, అయిపోయేది ఏ అర్ధరాత్రో. ఒక డీసీఎం బండే స్టేజీ అయిన చోట్లున్నాయి. హారన్ స్పీకర్లు, కోళ్ళగూడు లాంటి సౌండు బాక్సులు. పాడేవాళ్ళు వరసగా ఉంటారు. గూడ అంజయ్య (అప్పటి ఆదిలాబాద్ జిల్లా దండేపల్లి దిక్కు లింగాపూర్ ఆయనది, 2016లో పోయారు), గోరటి వెంకన్న, అందెశ్రీ లాంటి పెద్దవాళ్ళ పాటలుంటాయి, ఆ ఊరి పిల్లగాండ్ల పాటలూ ఉంటాయి. ఒకడు నక్సల్ రాజకీయాల నుంచి వచ్చాడు, ఒకడు దళిత ఉద్యమం నుంచి, ఒకడు టీఆర్ఎస్ కార్యకర్త, ఇంకొకడు ఏ పార్టీ లేని డప్పు కళాకారుడు. పగటిపూట ఒకే హోటల్లో చాయ్ తాగనివాళ్ళు రాత్రికి ఒకే స్టేజీ మీద వంత పాడాలి. ఎవరి పాట ముందు, ఎవరి పాట వెనక? ఎవరికి మూడు పాటలు, ఎవరికి ఒకటి? ఎవరి పేరు ముందు "అన్న" తగిలించాలి? ఇవి చిన్న విషయాలనుకునేవాడు ఎప్పుడూ ప్రాజెక్టు మేనేజరుగా పనిచేసి ఉండడు.

నేను చూసిన ధూంధాంలలో నాకు బాగా గుర్తున్నవి పాటలు కాదు, పాటకు ముందు అర నిమిషం. చెరువు మీద పాట వస్తుందనుకోండి. "ఇప్పుడు మీ ముందుకు చెరువు పాట" అనరు. "మన ఎల్లమ్మ చెరువుల నీళ్ళు జూసి ఎన్నేండ్లయిందే అక్కా?" అని ఒక ప్రశ్న. కింద నుంచి ఒకామె ఏదో అంటుంది. దాన్నే మైకులో మళ్ళీ చెప్తాడు, అందరూ నవ్వుతారు. అప్పుడు డప్పు మొదలవుతుంది. పాట పాడేసరికి ఆ పాట ఎవరిదో కాదు, ఆమెది. మా కాలేజీలో అనువాద సాహిత్యమని లోకలైజేషనని పెద్ద మాటలు నేర్పారు గానీ, ఒక పాటను నలభై ఊళ్ళలో నలభై సార్లు ఆ ఊరి పాటగా మార్చడం ఇట్లా. వాడు మధ్యాహ్నమే ఊళ్ళోకొచ్చి హోటల్ దగ్గర కూర్చుని చెరువు పేరు, చనిపోయిన రైతు పేరు, మూతబడ్డ మిల్లు పేరు కనుక్కుని ఉంటాడని తర్వాత అర్థమైంది. హోంవర్క్ అంటారు దాన్ని.

ఇప్పుడు ఆ చాటింపు సంగతి గుర్తు తెచ్చుకోండి. గద్దర్ దళిత కుటుంబంలో పుట్టినవాడు. బాలకిషన్ తర్వాత గెలిచిన మానకొండూరు ఎస్సీ నియోజకవర్గం. ధూంధాం మొదలయ్యేదే డప్పుతో. రెండు మూడు తరాల కింద దొర మాటను ఊరికి చాటిన అదే డప్పు, అదే తీరు గొంతు. ఈసారి ఇన్‌పుట్ కూడా వాళ్ళదే. స్టేజీ కింద కుర్చీల్లో దొరల మనవలు కూర్చుని విన్నారు. తెలంగాణ ఉద్యమం మీద చాలా పుస్తకాలొచ్చాయి. నీళ్ళు, నిధులు, నియామకాలు అన్నీ రాశారు. డప్పు చేతులు మారకుండానే మాట చేతులు మారిన ఈ సంగతికి మాత్రం రావాల్సినంత చోటు రాలేదని నా ఫిర్యాదు.

2009 నవంబరు 29న అలుగునూరు దగ్గర కేసీఆర్ అరెస్టు తర్వాత ధూంధాంలు ఎక్కడపడితే అక్కడే. ఉస్మానియాలో, రోడ్ల మీద వంటావార్పుల దగ్గర, 2011 సకల జనుల సమ్మె నలభై రెండు రోజుల్లో. అమెరికాలో మన తెలంగాణ సంఘాలూ స్కూలు ఆడిటోరియాలు అద్దెకు తీసుకుని పెట్టాయి. ఐటీలో ఉన్న మనవాళ్ళు చాలామంది మొదటిసారి గొంగడి భుజానేసుకున్నది అక్కడే (డ్రై క్లీనింగుకు ఇస్తే ఆ షాపువాడు ఏమనుకున్నాడో). ఆంధ్ర మిత్రులు కొందరు "వాళ్ళ ధూంధాంలో మమ్మల్ని తిడతారు" అని నొచ్చుకున్నారు. అదీ నిజమే. మైకు పట్టినవాడు జనాన్ని ఒక్కటి చేసే సులువైన దారి బయట ఇంకొకర్ని చూపించడం. కొన్ని రాత్రులు ఆ దారి పట్టారు. దాన్ని దాచాల్సిన పని లేదు.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. బాలకిషన్ మానకొండూరు ఎమ్మెల్యే అయ్యారు. తెలంగాణ సాంస్కృతిక సారథి అని ఒక సంస్థ పెట్టి ఆయన్ని ఛైర్మన్ చేశారు. 550 మంది కళాకారులకు అందులో జీతాలతో ఉద్యోగాలు. ఇక్కడ నేను రెండు మనసులతో ఉన్నాను. ఒకవైపు, ఇరవై ఏళ్ళు చినిగిన చాప మీద కూర్చుని పాడినవాళ్ళకు ఒకటో తారీఖు జీతం రావడం మంచిదే. కళాకారుడు పస్తులుండాలి, మనం ఏసీలో కూర్చుని వాడి పాట నిజాయితీ గురించి వ్యాసాలు రాయాలి అనడం నాకు నచ్చదు. ఇంకోవైపు, ఆ జీతంతో వాళ్ళు ఊరూరా తిరిగి చెప్పింది సర్కారు పథకాల గురించి. డప్పు అదే. ఇన్‌పుట్ మళ్ళీ మారింది.

జనం ఆ తేడా గుర్తుపట్టారా? పట్టారు. పాట బాగుంటే విన్నారు, కాళ్ళూ కదిపారు. కానీ ఆ అర నిమిషం పోయింది. "ఎల్లమ్మ చెరువుల నీళ్ళున్నాయా అక్కా?" అని అడిగితే అక్క ఏం చెప్తుందో అని మైకు పట్టినవాడికే భయం పట్టుకున్నప్పుడు అడగడు కదా. అడగకుండా చెప్పడం మొదలుపెడతాడు. ఒకసారి చెప్పడం మొదలైతే చప్పట్లు అడుక్కోవాల్సిందే.

ఇందులో మా ఊరికి ఒక ప్రత్యేక పాత్ర కూడా ఉంది. 2018 సెప్టెంబరు 6న అసెంబ్లీ రద్దు చేసి, మర్నాడే కేసీఆర్ ఎన్నికల ప్రచారం మొదలుపెట్టింది హుస్నాబాద్ నుంచే. అది కలిసొచ్చిందని 2023 అక్టోబరు 15న మళ్ళీ అక్కడి నుంచే మొదలుపెట్టారు. ఇట్లాంటి సభల్లో నాయకుడు చెప్పిన టైముకు రాడు, రాకూడదు కూడా. మధ్యాహ్నం నుంచే ట్రాక్టర్లు, బస్సులు వస్తుంటాయి. హెలికాప్టరు కనపడేదాకా ఎండలో ఆ జనాన్ని కూర్చోబెట్టేది పాటగాళ్ళు. ఉద్యమంలో వాళ్ళ కోసం నాయకులు వచ్చారు. ఈ సభల్లో నాయకుడు వచ్చేదాకా వాళ్ళు. హెలికాప్టరు చప్పుడు వినపడగానే చరణం సగంలో ఉన్నా ఆపేస్తారు. టెలికాంలో పనిచేసే నా స్నేహితుడు దీనికి పేరు పెట్టాడు, హోల్డ్ మ్యూజిక్ అని. నవ్వొచ్చింది గానీ, నవ్వాక మనసు బాగోలేదు.

2023లో హుస్నాబాద్ సెంటిమెంటు పనిచేయలేదు. హుస్నాబాద్ సీటూ పోయింది, మానకొండూరులో బాలకిషనూ ఓడిపోయారు. 2024 నవంబరులో సాంస్కృతిక సారథి ఛైర్‌పర్సన్ పదవి గద్దర్ కూతురు వెన్నెలకు ఇచ్చారు. కుర్చీలో మనుషులు మారారు. కళాకారులు అదే జీతం మీద ఈ సర్కారు పథకాల పాటలు కట్టుకుంటున్నారు. వాళ్ళను తప్పుపట్టను. మనం కూడా క్లయింటు మారితే లోగో మార్చి అదే పీపీటీ చూపిస్తాం.

టీవీ వాళ్ళ గురించి చెప్పకపోతే అలుగుతారు కొందరు. 1996లో ఈటీవీలో మొదలైన పాడుతా తీయగాలో బాలు చేసింది నాకు ఇష్టం. పిల్లవాడు పాడేశాక ముందు ఆ పాట ఎవరు రాశారు, ఎవరు బాణీ కట్టారు, రికార్డింగు రోజు ఏం జరిగిందో చెప్పి, ఆ తర్వాతే తప్పు దిద్దేవాడు. అప్పటికి పిల్లవాడి భయం పోయేది. సుమ ప్రీరిలీజ్ ఫంక్షన్లలో టైము నడిపే తీరు, అభిమానుల గోలను ఆటగా మార్చే తీరు చూసి నేర్చుకోవాల్సిందే. పుట్టుకతో మలయాళీ అయిన మనిషి తెలుగులో అట్లా సమయానికి మాట విసురుతుంటే, మన హెచ్ఆర్ వాళ్ళు "మాకు తెలుగు ఫ్లో రాదండీ" అంటే ఏమనాలి? కానీ అక్కడ పోయేదేమీ లేదు. సినిమా ఆడితే ఆడుతుంది, లేకపోతే లేదు. అందుకే ఆ నేర్పును మెచ్చుకుంటూనే, నాకు మాత్రం డీసీఎం బండి మీదివాళ్ళే గుర్తొస్తారు.

మొన్న ఎల్లమ్మ జాతరకు పోయినప్పుడు ఒగ్గు కథ నడుస్తోంది. కథకుడికి ఇప్పుడు చెవికి తగిలించుకునే మైకు వచ్చింది, చేతులు రెండూ ఖాళీగా ఉన్నాయి కాబట్టి తువ్వాలతో ఆట ఇంకా జోరుగా ఉంది. ముందు వరసలో పిల్లలు ఫోన్లు ఎత్తి రికార్డు చేస్తున్నారు. కట్నాలు ఫోన్‌పేలో పడుతున్నాయి. డోలుకు కోడ్ కాగితం అంటించారు. ఎవరో యాభై రూపాయలు కొట్టారు. "రిసీవ్డ్" అని ఆ పెట్టె కథ మధ్యలో అరిచింది. ఎల్లమ్మ మాట్లాడుతున్నదల్లా ఆగి, పెట్టె దిక్కు చూసి, "ఈ పెట్టెలకెళ్ళి మాట్లాడేది ఏ దేవతే?" అంది. పక్కన ఊ కొట్టేవాడు "బ్యాంకు దేవత తల్లీ, నీకంటె పెద్దది" అన్నాడు. ఇచ్చినాయన పేరు, ఊరి పేరు చదివి, కథలోకి తిరిగొచ్చేసరికి జనం ఇంకా నవ్వుతూనే ఉన్నారు.